బ్రేకులకు దిష్టి

ఆ రోజు పొద్దున ఆరుంబావుకు నేను కారు తాళం తిప్పగానే ఎదురింటి రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మూడో ఇంటి ముసలాయన నోట్లో వేపపుల్లతో గేటు దాకా వచ్చి, ట్రాక్టరు ఎవరిదని అడిగాడు.

ట్రాక్టరు కాదు, మా కారే. చిన్నది, ఎర్రది, పదిహేనేళ్ల నాటి స్పోర్టు మోడలు. నాలుగు రోజుల కిందట మా చిన్నాన్న కూతురి గృహప్రవేశానికి నేను అమరాపురం బస్సెక్కేటప్పుడు అది పొయ్యి మీద పాలు కాగినంత చప్పుడు మాత్రమే చేసేది. రాత్రి పొద్దుపోయి తిరిగొచ్చి, దాని వైపు చూడనే లేదు.

మా ఆయన లక్ష్మీనారాయణ మెట్ల మీద నిలబడి నన్నే చూస్తున్నాడు. కొత్త కూర వండి వడ్డించి పక్కన నిలబడ్డప్పుడు నా మొహం ఎలా ఉంటుందో, అప్పుడు ఆయన మొహం అలా ఉంది.

"ఎట్లుండాది?" అన్నాడు.

"ఏమి చేసినారు దీన్ని?"

"పెండ్లిరోజు గిఫ్టమ్మే. ఇరవై ఏండ్లయింది కదా. ఊరికే చీర తెస్తే ఏమి బాగుంటాది?"

బాగుండేది. ఆ మాట మింగేసి, దిగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. వెనక సైలెన్సరు ఉండాల్సిన చోట మెరిసే గొట్టం ఒకటి, అందులో మామిడికాయ దూర్చవచ్చు. ముందు లైట్లు నీలం. అద్దాలకు నల్ల ఫిలిం, లోపల మనిషి ఉన్నదీ లేనిదీ దేవుడికే తెలియాలి. స్టీరింగు పక్కన కొత్తగా ఒక ఎర్ర బటను, అది నొక్కితే ఏడు గొంతులతో అరిచే గాలి హారను. వెనక అద్దం మీద పసుపుపచ్చ అక్షరాలతో 'రమా రాకెట్' అని స్టిక్కరు. ఆ రమ నేనే. రమాదేవి, బి.ఎస్సీ., ఫిజిక్సు.

"ఈ పొద్దు ఏమి రోజో గ్యాపకం ఉండాదా మీకు?" అన్నాను.

"ఉండకేం. పది గంటలకు ధర్మవరంలో బ్రేకినస్పెట్రు తావ బండి చూపించల్ల."

"మరి?"

"మరేముండాది? ఆయప్ప పేరే బ్రేకినస్పెట్రు. బ్రేకులు చూస్తాడు, పోతాడు. బ్రేకులను నేను వేలితో గూడా ముట్టలేదు. ఒట్టు."

మోటారు వాహనాల తనిఖీ అధికారిని మా వైపు ఆ పొడుగు పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. నోరు తిరిగినవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. తక్కినవాళ్లకు బ్రేకినస్పెట్రు. అయితే ఆ పేరును అక్షరం అక్షరం నమ్మిన మనిషి మాత్రం ఈయన ఒక్కడే. చదివింది బి.కాం. చేసేది విత్తనాలూ పురుగుమందుల వ్యాపారం. డబ్బా మీద రాసిందే లోపల ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

పదిహేనేళ్లు నిండిన కారును మళ్లీ చూపించి, ఆర్సీ కొత్తగా రాయించుకోవాలి. మేము ధర్మవరంలో కాపురం ఉన్నప్పుడు కొన్న బండి కాబట్టి ఆర్సీ ఆ అడ్రసుకే ఉంది, ఆయన పేరు మీద. మా మరిది సురేష్ నెలరోజులుగా ఈ డొక్కును ఇచ్చేసి ఏడుగురు పట్టే తెల్ల బండి తీసుకుందామని ఒకటే పోరు. నేను వద్దన్నాను. చివరికి మా ఆయన అత్త ముందర తీర్పు చెప్పాడు.

"మొదటిసారికే, ఒక్క రిమార్కు గూడా లేకుండా పాసైతే కారు నీది. ఆర్సీ నీ పేరుకు రాయిస్తా. ఒక్క రిమార్కు పడినా తెల్ల బండి."

ఆయన మాట ఇస్తే తప్పడు. ఆయనతో ఉన్న తంటా అదే.

ముప్పై ఎనిమిదో ఏట ఆ కారులో డ్రైవింగ్ నేర్చుకున్నాను. దాని స్టీరింగు ముందు కూర్చున్నంతసేపూ ఉప్పు డబ్బా ఎక్కడుందని నన్ను ఎవరూ అడగరు. ఆ సుఖం ఏడుగురు పట్టే బండిలో దొరకదు. ఆ ఏడుగురూ అడుగుతారు.

ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మూడు నెలలుగా నేనూ ఆ కారును మారుస్తున్నాను. మోకాలి నొప్పికి పెనుకొండలో మంచి నాటువైద్యుడున్నాడని ఇంట్లో చెప్పి గురువారం గురువారం వెళ్లొచ్చేదాన్ని. వైద్యుడి పేరు మంజు. మడకశిర అవతల కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే ఊరివాడు, బెంగళూరులో పందెం కార్ల షెడ్డులో పదేళ్లు పనిచేసి వచ్చి పెనుకొండ రోడ్డు పక్కన మెకానిక్ షాపు పెట్టుకున్నాడు. నా గోళ్ల కింద నల్ల జిడ్డు చూసి అత్త అడిగితే తైలం అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు.

మంజుకూ నాకూ ఒకటే ఒప్పందం. రూలు గీత ఎక్కడుందో చూసుకుని దానికి వెంట్రుకవాసి ఇవతల ఆగాలి. టైర్లు అదే సైజు, కాకపోతే రోడ్డును గట్టిగా పట్టుకునే రకం. ప్లగ్గులు కంపెనీ చెప్పిన నంబరువే. గాలి ఫిల్టరు పాత పెట్టెలోనే ఒదిగిపోయేది, ఇంకొంచెం ధారాళంగా ఊపిరి పీల్చేది. ఇంజను లోపల పెట్రోలు చిమ్మే సన్నటి గొట్టాలను కడిగించాం. వేగంగా పోవాలనుకునేవాడు ముందు ఆగడం నేర్చుకోవాలని మంజు పట్టుబట్టి, బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశాడు.

తక్కినదంతా గృహిణి పని. డిక్కీలోనూ సీట్ల కిందా పదిహేనేళ్లుగా పేరుకుపోయిన సామాను బయటికి తీసి, ఒక ఆదివారం అంగడిలోని కాటా మీద తూచాను. పెద్ద స్పీకరు పెట్టె, అర బస్తా చెనక్కాయ పిండి, పంపుసెట్టు తాలూకు ఇనుప ముక్కలు, ఎవరివో తెలియని పెండ్లిపత్రికల కట్ట. డెబ్బై ఒక్క కిలోలు తేలింది. మా మరిది బరువు సరిగ్గా అంతే. అంటే సురేష్‌ను అతనికే తెలియకుండా కారులోంచి దించేశానన్నమాట. బరువు తగ్గితే అదే ఇంజను ఎక్కువ లాగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత నా డిగ్రీ ఒక పనికి వచ్చింది.

ఇంత గుట్టుగా, ఇంత పద్ధతిగా చేసుకున్న దాని మీద ఈయన ప్రేమతో సైలెన్సరు తెచ్చి బిగించాడు.

నేను పక్కకు పోయి మంజుకు ఫోను చేశాను.

"పొద్దున్నే ఎవరికమ్మే?" అన్నాడు మా ఆయన.

"మోకాళ్ల వైద్యుడికి. దారిలోనే కదా, ఒక్క నిమిషం ఆగి పోదాం."

ఇంతలో అత్త కృష్ణమ్మ గుమ్మం దాటి వచ్చింది, చంకన ఒక మూటతో.

"నేనూ వస్తాండా. ధర్మవరంలో పాత సామాన్లకు స్టీలు పాత్రలిచ్చే అంగడి ఉండాది."

మూట అందుకుని డిక్కీలో పెడుతూ బరువు చూశాను. పన్నెండు కిలోలకు తగ్గదు.

"ఏముండాది అత్తా ఇందులో?"

"నా సామాను."

"ఇంగో రోజు తీసుకుపోదాం. ఈ పొద్దు బరువు..."

"నేను బరువైతినా?" అంది అత్త.

ఆ తర్వాత ఏ కోడలైనా మూట డిక్కీలోనే పెడుతుంది. అత్త ఎక్కేముందు నా సీటు కింద చెయ్యి పెట్టి ఏదో తడిమింది. చెప్పు జారిందనుకున్నాను.

హిందూపురం దాటేదాకా రోడ్డు మీద ప్రతి మనిషీ తల తిప్పి చూశాడు. మా ఆయన నల్ల అద్దం దించుకుని, గెలిచిన సర్పంచులాగా చెయ్యి ఊపుతూ కూర్చున్నాడు. వెనక సీట్లో అత్త తన వైపు అద్దంలోంచి కాసేపు బయటికి చూసి, "ఇంగా తెల్లారలేదేమప్పా?" అని అడిగింది.

సోమందేపల్లి ముందర గొర్రెల మంద అడ్డం వచ్చింది.

"నొక్కు," అన్నాడు మా ఆయన.

నేను నొక్కలేదు. ఆయనే చెయ్యి చాపి ఎర్ర బటను నొక్కాడు. హారను ఏడు గొంతులతో అరిచింది. గొర్రెలు చెదిరిపోలేదు. తలలెత్తి శ్రద్ధగా విని, వెనక్కి తిరిగి, అన్నీ వచ్చి కారు చుట్టూ గుమిగూడాయి. ఒకటి బానెట్టు మీద గడ్డం ఆనించింది.

మందవాడు కంబళి భుజాన సర్దుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమబ్బా, తప్పిపోయిన పిల్ల అరిచినట్టు అరిపిస్తివే. తల్లులన్నీ వచ్చేసినాయి. ఇంగ పిల్లను చూపించు, పోతాయి."

చూపించడానికి మా దగ్గర పిల్ల లేక ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాం.

పెనుకొండ చేరేసరికి ఎనిమిది. మా కంటే ముందు మా చప్పుడు చేరినట్టుంది. మంజు షెడ్డు ముందర రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన దిగడం చూసి వేళ్లు తీసి, చాలా మర్యాదగా అడిగాడు.

"అక్కా, మోకాలు ఎట్లుండాది?"

మా ఆయన గోడకు వేలాడుతున్న టైర్లను చూశాడు. జాకీని చూశాడు. నన్ను చూశాడు.

"ఈయప్పేనా వైద్యుడు?"

"ఈయప్పేనా?" అంటూ అత్త దిగి వచ్చి, అక్కడున్న స్టూలు మీద కూర్చుని కాలు చాపింది. "నాది కుడికాలప్పా. మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటాది."

"బుష్షు అరిగింటాది అవ్వా," అన్నాడు మంజు, వేరే మాట తోచక.

"చూసినావా, చెయ్యి పెట్టకుండానే చెప్పేసినాడు," అంది అత్త నాతో.

మా ఆయన ఇంకేదో అడగబోయేలోపు మంజు కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. గొట్టం దగ్గర ఆగాడు, లైట్ల దగ్గర ఆగాడు, ఎర్ర బటను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బేడ సార్, ఇదంతా బేడ," అన్నాడు. కంగారు పడితే అతనికి వద్దు అనే మాట కన్నడంలో వస్తుంది. "ఈ అవతారంలో తీసుకపోతే గేటు తావే తిప్పి పంపిస్తారు. సౌండు చూస్తారు, పొగ చూస్తారు, లైట్లు, హారను, అద్దాలు, అన్నీ చూస్తారు. బండి కంపెనీలోంచి బయటికి వచ్చినప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండల్ల."

"బ్రేకులు కదప్పా చూసేది?"

"బ్రేకులూ చూస్తారు సార్."

"మరి బ్రేకినస్పెట్రు అని ఏమిటికి అంటారు?"

"మీ ఊర్లో సూది డాక్టరు లేడా సార్? ఆయప్ప సూది ఒక్కటే వేస్తాడా?"

మా ఆయన మెల్లగా పోయి అత్త పక్కన ఇంకో స్టూలు మీద కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ ఆయన భుజాలు రెండూ ఒక అంగుళం కిందికి దిగాయి.

"నేనే చెడగొట్టినానా అమ్మే?" అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆయన ఇంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను వినలేదు. కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. "లేయండి," అన్నాను. "గంట టైముండాది. హారను పీకండి."

ఆ గంట మా పెండ్లి కంటే హడావిడిగా నడిచింది. పెండ్లిలో నేను కూర్చునే ఉన్నాను. మంజు బల్బులు మార్చాడు. మా ఆయన హారనును, చనిపోయిన కోడిని ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టాడు. నేనూ అత్తా సబ్బునీళ్లు చల్లి, పక్కనున్న టిఫిను బండివాళ్ల దోసె తిప్పే గరిటె అడిగి తెచ్చి, అద్దాల మీది నల్ల ఫిలిం గీకాం. మాడిన పెనం గీకిన చేతులకు అదొక లెక్క కాదు. ఫిలిం ఊడి వచ్చేకొద్దీ అత్త మొహంలో సంతోషం. "ఇప్పుడు తెల్లారింది," అంది. వెనక అద్దం మీది స్టిక్కరు దాకా వచ్చి గరిటె ఆపాను. స్టిక్కరుతో ఎవరికీ ఇబ్బంది లేదని మంజు చెప్పాడు. వదిలేశాను.

మిగిలింది సైలెన్సరు. మంజు మెరిసే గొట్టాన్ని విప్పి కింద పెట్టి, చెయ్యి చాపాడు.

"పాతది ఇవ్వండి సార్."

"పెరట్లో పెట్టినా," అన్నాడు మా ఆయన.

"పెరడు యాడుండాది?"

"హిందూపురంలో."

మంజు చాపిన చెయ్యి అలాగే ఉంది. "పోయి రావాలంటే గంటన్నర పైనే. ఈ పాత మోడలుది ఈడ దొరకదు. బెంగళూరునుంచి తెప్పించాలంటే రెండు రోజులు."

"పోయినా దొరకదు," అన్నాడు మా ఆయన, నేల చూస్తూ. "నిన్న సాయంకాలం పెరట్లో చూస్తే ల్యా. ఎవరో ఎత్తుకపోయినారు."

ఎనిమిదీ యాభై. సైలెన్సరు లేకుండా పోతే ఊళ్లు లేస్తాయి. మెరిసే గొట్టంతో పోతే రిమార్కు. పోకపోతే స్లాటు పోతుంది, మొదటిసారికే అన్న షరతూ తప్పుతుంది. ఏడుగురు పట్టే తెల్ల బండి నా కళ్ల ముందర వచ్చి ఆగింది. అందులోంచి సురేష్ ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతున్నాడు.

అప్పుడు గమనించాను, అత్త మాట్లాడటం లేదు. మోకాలు చూపించుకోవడం మానేసి, ఎప్పుడో లేచి పోయి, తెరిచి ఉన్న డిక్కీ అంచున, తన మూటను ఆనుకుని కూర్చుని ఉంది. పైటకొంగు మూట మీద కప్పి ఉంది.

"అత్తా," అన్నాను.

"ఏమ్మే."

"ఆ మూటలో ఏముండాది?"

"చెప్పినా కదా. నా సామాను."

"ఎట్లాంటి సామాను?"

అత్త కొండ వైపు చూసింది. "పెరట్లో పడుండె. పనికిరాదని పారేసినారనుకున్నా. దానికి స్టీలు బిందె వస్తాదని అంగడాయప్ప ఫోన్లో చెప్పినాడు."

మా ఆయన స్టూలు మీద నుంచి లేచాడు. నేను చేత్తో ఆయన్ను ఆపాను. అత్తతో పని బలంతో జరగదు, బేరంతో జరుగుతుంది.

నేల మీది మెరిసే గొట్టాన్ని ఎత్తి అత్త ఒళ్లో పెట్టాను. "మూటకు మూట అత్తా. ఇది తీసుకో. కొత్తది, మెరుస్తాంది, బరువు గూడా ఎక్కువ."

అత్త దాన్ని వేళ్ల కణుపులతో కొట్టి చూసింది. కుండలు కొనేటప్పుడు కొట్టినట్టు, మూడు చోట్ల కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుని వింది.

"దీనికి బిందె మీద మూత గూడా వస్తాది," అంది. పైటకొంగు తీసేసింది.

మంజు మూట విప్పాడు. పదిహేనేళ్లు రోడ్డు మీద తిరిగి మసిబారిన సైలెన్సరు అద్దంలా ఉంది. బేరానికి తీసుకుపోయే వస్తువు మురికిగా ఉండకూడదని అత్త దాన్ని చింతపండు వేసి, బూడిదతో తోమి, ఎండబెట్టి, పాత చీరలో చుట్టింది. నా పెండ్లిరోజు గిఫ్టు వైపు మా ఆయన ఒకసారి చూశాడు. అది అప్పటికే ఆ చీరలోకి దూరిపోయింది.

తొమ్మిదీ పదికి పెనుకొండ వదిలాం. కారు మళ్లీ పాలు కాగినట్టు చప్పుడు చేస్తోంది.

"సౌండు ల్యాకపోతే మెల్లగా పోతాన్నట్టు లేదా?" అన్నాడు మా ఆయన, కొంచెం దిగులుగా.

"మీటరు చూడండి."

చూశాడు. ఎనభై. రోడ్డు మీద బోర్డు ఎంత ఉందో అంతే, ఒక్కటి ఎక్కువ కాదు. కాకపోతే ఆ ఎనభైకి ఎప్పుడు చేరామో ఆయనకు తెలియలేదు. మలుపు వచ్చింది. కారు మలుపులోకి వంగి, ఏమీ కానట్టు బయటికి వచ్చింది. ముందర టమోటాల ట్రాలీ కనిపించింది, తర్వాత వెనక అద్దంలో కనిపించింది. ఆయన కుడిచేయి తలుపు పైనున్న పట్టీని వెతుక్కుంది. అది ఎడమవైపు ఉంది. నాకు నవ్వు ఆగలేదు. పొట్టలోంచి బుడగలు బుడగలుగా పైకి వస్తోంది. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం పైనుంచి కిందికి దిగేటప్పుడు వచ్చేది అలాంటి నవ్వు.

"ఏమి చేసినావే దీన్ని?" అన్నాడు.

"మోకాళ్ల వైద్యం," అన్నాను. ఆ పైన ఒక్కటొక్కటే చెప్పాను. ప్లగ్గులు, ఫిల్టరు, టైర్లు, ప్యాడ్లు. చివరికి అంగడి కాటా సంగతి.

ఆయన వెనక్కి తిరిగి డిక్కీ వైపు చూశాడు. "ఆ పెండ్లిపత్రికల్లో మనది గూడా ఉండె," అన్నాడు.

"అది తీసి బీరువాలో పెట్టినా."

ఆయన పట్టీని వదిలేశాడు.

తొమ్మిదీ యాభై ఐదుకు ధర్మవరం ఆఫీసు మైదానంలో ఉన్నాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముప్పై ఏళ్ల అమ్మాయి. చొక్కా మీద పేరు ఐశ్వర్య అని ఉంది. 'ఆయప్ప' కాదని తెలిసి మా ఆయన చొక్కా గుండీలు సర్దుకున్నాడు. ఆమె కాగితాలు చూసింది. ఛాసిస్ నంబరు చూసింది. హారను కొట్టమంది. అది బుద్ధిగా ఒక్క గొంతుతో పలికింది. లైట్లు వేయమంది. అద్దం మీద మిగిలిన సబ్బు నురగను వేలితో తుడిచి వేలు చూసుకుంది. స్టిక్కరు చదివి, "రమ ఎవరు?" అంది. నేను చెయ్యి ఎత్తాను. తర్వాత వంగి కింద చూసి, అలాగే కాసేపు ఉండిపోయింది.

"ఈ సైలెన్సరును ఎవరైనా తోమారా?"

"చింతపండూ బూడిద," అంది అత్త వెనక సీట్లోంచి. "సబ్బుకు పోదమ్మా అది."

ఐశ్వర్య లేచి నా వైపు తిరిగింది. "ఇంజన్లో ఏమైనా మార్చారా?"

మా ఆయన నన్ను చూశాడు. నేను ఉన్నదంతా చెప్పాను, నంబర్లతో సహా. ఆమె బానెట్టు తెరిపించి ఒక్కొక్కటీ సరిచూసుకుంది. డెబ్బై ఒక్క కిలోల సంగతి దగ్గర పెన్ను ఆపింది.

"సామాను దించడానికి రూలేమీ లేదు," అంది. "ఇక బ్రేకులు చూద్దాం."

ఆ మాట వినగానే మా ఆయన మొహం వెలిగింది. అత్త మాత్రం కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది.

ఐశ్వర్య నా పక్క సీట్లో కూర్చుంది. అత్తను దిగమంటే మోకాలు అంది. సరే, బెల్టు పెట్టుకోమంది. మా ఆయన గోడ పక్కన నిలబడ్డాడు.

"నలభైకి తీసుకెళ్లండి. నేను చెయ్యి ఎత్తగానే ఆపండి."

నలభై అయింది. చెయ్యి లేచింది. తొక్కాను.

కారు మేకు కొట్టినట్టు ఆగింది. ఆమె పెన్ను ఎగిరి ముందు అద్దానికి తగిలింది. నా సీటు కింద ఏదో కదిలింది. ఒకటి, రెండు, మూడు, మొత్తం ఏడు నిమ్మకాయలు దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. అన్నిటికంటే లావుపాటిది మెల్లగా పోయి బ్రేకు పెడలు కింద కూర్చుంది.

ఐశ్వర్య వంగి దాన్ని తీసింది. నవ్వలేదు.

"ఇది ఒక్క క్షణం ముందు వచ్చి ఉంటే పెడలు కిందికి దిగేదా?"

"లేదు మేడమ్," అన్నాను.

"ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా," అంది అత్త. "నువ్వు చూసేది బ్రేకులే కదా. పేరే బ్రేకినస్పెట్రు. పొద్దున్నుంచి ఎన్ని బండ్ల బ్రేకులు చూసింటావో. చూపు గట్టిగా ఉంటాది. దిష్టి తగలకూడదని బ్రేకుల తావ పెట్టినా. నీమింద తప్పు చెప్పేది కాదు."

తల్లీ కొడుకూ ఒక్క పేరును పట్టుకుని రెండు వైపుల నుంచి నా మీదికి వచ్చారు.

"నా చూపు తగిలి ఇంతవరకు ఏ బ్రేకూ చెడిపోలేదు అవ్వా," అంది ఐశ్వర్య. "చెడిపోయినవే వచ్చి నాకు తగులుతుంటాయి."

ఆమె కాగితం మీద రిమార్కుల గడి దగ్గరికి వేలు పోనిచ్చింది. నేను ఆ వేలినే చూస్తున్నాను.

"అన్నీ దించండి," అంది. "ఇంకోసారి."

ఏడు నిమ్మకాయలనూ కొంగులో పోసుకుని పోయి మా ఆయన చేతుల్లో పెట్టి వచ్చాను. దూరం నుంచి ఆయనకు సంగతేమీ తెలియక, ప్రసాదం అనుకుని కళ్లకద్దుకున్నాడు.

మళ్లీ నలభై. మళ్లీ చెయ్యి. మళ్లీ మేకు. ఈసారి ఏదీ దొర్లలేదు. ఆమె పెన్ను కూడా గట్టిగా పట్టుకునే ఉంది. దిగి, బానెట్టు మీద కాగితం పెట్టి, రిమార్కుల గడిలో ఏదో రాసి, సంతకం పెట్టి నాకిచ్చింది.

"పాస్," అంది. "నిమ్మకాయలు ఇంట్లో పెట్టుకోండి. రసానికి వస్తాయి."

కాగితం చదివాను. ఆ గడిలో రెండే మాటలు. బ్రేక్స్ ఎక్సలెంట్.

నేను గాల్లో ఉన్నాను. మా ఆయన చదివి, నన్ను నేల మీదికి దించాడు.

"రిమార్కుల గడిలో రాసినారే," అన్నాడు, నిజంగా బాధపడుతూ. "గడి ఖాళీగా ఉండల్ల కదా. మాట అంటే మాట."

"మెచ్చుకున్నేది గూడా రిమార్కేనా?" అంది అత్త. "పెండ్లిచూపులకు పోయొచ్చి పిల్ల బాగుండాదని నువ్వు చెప్తివే, అది రిమార్కా?"

"ఆ గడిలో ఏది రాసినా రిమార్కే మా. పైన అచ్చు వేసుండాది."

డబ్బా మీద రాసిందే లోపల ఉండాలి. ఆయనతో వాదించి గెలవలేమని నాకు తెలుసు. వాదించకుండా గెలవచ్చు. ఆ దారి కూడా నాకు తెలుసు.

"మీ మాటే నిజమైందండీ," అన్నాను.

"ఏ మాట?"

"హారను చూసింది, లైట్లు చూసింది, ఇంజను చూసింది. దేని గురించైనా ఒక్క ముక్క రాసిందా? బ్రేకుల గురించి తప్ప." కాగితం ఆయన ముందర పెట్టాను. "పొద్దున మీరు ఏమన్నారు? బ్రేకినస్పెట్రుకు బ్రేకులే లెక్క అన్నారు. మంజు సూది డాక్టరు అని నవ్వినాడు. చూడండి మరి."

ఆయన కాగితం తీసుకుని మళ్లీ చదివాడు. ఆ రెండు మాటలనే మూడుసార్లు చదివాడు. పొద్దున పెనుకొండలో కిందికి దిగిన భుజాలు మెల్లగా తమ చోటికి వచ్చాయి.

"నేను చెప్పలా?" అన్నాడు.

"చెప్పినారు."

"ఆ మంజుకు ఫోను చేయల్ల ఇప్పుడే."

"చేయండి. అట్లే సురేష్‌కు గూడా చేయండి. బ్రేకులు ఎక్సలెంటని గవర్నమెంటు రాసిచ్చిన బండిని ఎవరైనా అమ్ముకుంటారా?"

ఆయన ఫోను తీశాడు. మొదట మంజుకు చేశాడు. తర్వాత సురేష్‌కు చేసి, తెల్ల బండి సంగతి మరిచిపొమ్మని, ఈ కారు వదిన పేరుకు మారుతోందని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటే ఏమిటో తను మొదటినుంచీ చెబుతూనే ఉన్నానని చెప్పాడు. నేను కిటికీ వైపు తిరిగి పెదవి కొరుక్కున్నాను.

సాయంకాలం తిరిగి బయల్దేరాం. మెరిసే గొట్టం పాత్రల అంగడిలో ఉండిపోయింది. వెనక సీట్లో అత్త ఒళ్లో స్టీలు బిందె ఉంది, డిక్కీలో పెడితే సొట్ట పడుతుందని. మూత ఆమె మోకాలి మీద ఉంది. రెండూ కలిపి మూడు కిలోలుంటాయి. నేను లెక్క వేశాను కానీ పైకి అనలేదు.

పెనుకొండ దగ్గరపడుతుండగా మా ముందర ఒక బండి కనిపించింది. తెల్లది. ఏడుగురు పట్టేది. దాని వెనక అద్దంలోంచి నాలుగు తలలు, ఒక దిండు, ఒక కుక్కరు కనిపిస్తున్నాయి. అరవైలో ఊగుతూ పోతోంది.

మా ఆయన దాన్ని చూశాడు. చెయ్యి పైకెత్తి పట్టీ పట్టుకున్నాడు. ఈసారి సరైన చెయ్యి.

"రమా," అంది అత్త, బిందెను గట్టిగా వాటేసుకుంటూ. "దాన్ని దాటు."

ముందర రోడ్డు ఖాళీగా ఉంది. ఎనభైలోనే దాటాను, మూతతో సహా.